గింజల డబ్బా

నా సర్వీసు మొత్తంలో నాకు వచ్చిన మెమో ఒక్కటే. రిటైరైన రోజు కప్పిన శాలువా ఇప్పుడు ఎక్కడుందో చెప్పలేను గానీ, ఆ మెమో మాత్రం బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది. నిర్ణీత ఫారంలో అనుమతి లేకుండా సొంతంగా గళ్లు గీశారనీ, పై అధికారి సమక్షంలో సంతకం చేయడానికి నిరాకరించారనీ, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలనీ దాని సారాంశం. ఇచ్చాను. రెండే వాక్యాలు రాశాను. గళ్లు గీసిన మాట నిజమే. మూడు నెలల ముందే గీయాల్సింది.

రెండో వాక్యం పొగరుగా ఉందని ఆఫీసులో అన్నారు. నిజానికి అందులో పొగరు లేదు, సిగ్గు ఉంది. ఆ సిగ్గు సంగతే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. మీరు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నారు. మా కాలంలో కాగితం మీద ఉండే గళ్లు ఇప్పుడు మీ ఫోన్లలోకి వచ్చాయి. గడి ఎక్కడున్నా గడే కాబట్టి ఈ కథ మీకు పనికొస్తుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఇళ్లకు వెళ్లి వాళ్ల తల్లిదండ్రులకు సాయపడటం నా పని. కాపురం మార్కాపురంలో, డ్యూటీ పుల్లలచెరువు వైపు. బస్సు దిగి ఆటో, ఆటో దిగి నడక. నాకు అప్పగించిన పిల్లల్లో కొందరు కొరికేవాళ్లు, కొందరు తల గోడకేసి కొట్టుకునేవాళ్లు, కొందరు ఉన్నట్టుండి పరుగు లంకించుకునేవాళ్లు. మా కాగితాల్లో దీనికి 'సమస్యాత్మక ప్రవర్తన' అని పేరు. ఊళ్లో అయితే పిచ్చి అనేసేవాళ్లు. ఈ రెండు మాటల మీదా నాకు ఒకేలాంటి కోపం.

ఆ పాపకు ఎనిమిదేళ్లు. మాటలు నాలుగైదు మించి లేవు. నల్లమల అంచున ఉన్న పల్లె వాళ్లది. గొర్రెలు కాసుకునే కుటుంబం. తండ్రి సంవత్సరంలో సగం రోజులు మంద తోలుకుని కాలవల కిందికి వలస పోయేవాడు. ఇంట్లో తల్లి, తాత, ఈ పాప, మందతో నడవలేని గొర్రెపిల్లలు ఉండేవాళ్లు. తల్లి పొద్దున్నే కొండకు పోయి వేపగింజలు, కానుగ గింజలు ఏరుకొచ్చి షావుకారుకు వేసేది. తాత కానుగ చెట్టు కింద మంచం వేసుకుని, చేతికర్ర పక్కన పెట్టుకుని ఇల్లూ పాపా రెండూ చూసుకునేవాడు.

పాప కొరికేది. తల్లి మొదటిరోజే జాకెట్టు చేతులు పైకి లాగి చూపించింది. ముంజేతి నుంచి భుజం దాకా పళ్ల గుర్తులే, పాతవాటి మీద కొత్తవి.

నేను అప్పుడే ఒక కొత్త శిక్షణ పూర్తి చేసి వచ్చాను. ఉత్సాహం పొంగిపొర్లుతోంది. అల్లరి చేసిన బిడ్డను తిట్టకుండా, కొట్టకుండా ఐదు నిమిషాలు ఒక మూల కూర్చోబెట్టాలని చక్కగా వివరించాను. ఆ తల్లి ఓపిగ్గా విన్నది.

"మూల యాడుంది మేడమ్? మీరే చూపించండి" అన్నది.

చూశాను. ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల నీళ్ల డ్రమ్ములు, ఒక మూల గొర్రెపిల్లలు, నాలుగో మూల వానొస్తే లోపలికి తెచ్చే తాత మంచం. ఆ శిక్షణ ఇచ్చినవాళ్ల ఇళ్లల్లో మూలలు ఎక్కువున్నట్టున్నాయి. నేను నోరు మూసుకుని సంచిలోంచి రెండో ఉపాయం తీశాను.

రెండో ఉపాయం లెక్క. పాప రోజుకు ఎన్నిసార్లు కొరికింది, కొట్టింది, రాళ్లు విసిరింది అన్నది రాసుకుంటే, మనం చేసే పని ఫలిస్తోందో లేదో తెలుస్తుంది. ఆ తల్లికి చదువు రాదు. అందుకని ఒక పాలపొడి డబ్బా ఇచ్చి, పాప అలా చేసిన ప్రతిసారీ అందులో ఒక చింతగింజ వేయమన్నాను. నెలనెలా నేనొచ్చి లెక్కపెట్టుకుంటాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆఫీసులో చెబితే వాళ్లూ మెచ్చుకున్నారు.

తాతకు మాత్రం నచ్చలేదు. "దానికి గింజలేంది, గింజలు. రెండు తగిలిస్తే దారికొస్తాది" అన్నాడు.

"కొట్టకూడదు పెద్దాయనా" అన్నాను.

"సరేలేమ్మా" అన్నాడు. నేను ఆ మాట నమ్మి ఫారంలో 'కుటుంబానికి అవగాహన కల్పించబడినది' అని రాసుకున్నాను. కల్పించబడినది. ఇలాంటి మాటలు ఎంత సులువుగా రాసేవాళ్లమో.

మొదటి నెల డబ్బాలో అరవై ఒక్క గింజలున్నాయి. అన్నీ చింతగింజలు కావు. వేపగింజలు, సీతాఫలం గింజలు, కానుగ గింజలు కూడా కలిసి ఉన్నాయి. నాకు చిరాకేసింది.

"ఏ గింజ చేతికందితే అది వేస్తావేంటమ్మా? చింతగింజలు లేకపోతే చెప్పు, ఈసారి నేను తెస్తాను" అన్నాను.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత మంచం మీదున్న మామ వైపు చూసింది. "సరే మేడమ్" అన్నది. రెండో నెలా అట్లాగే అన్నీ కలిసి వచ్చాయి. ఈమెకు చెప్పి లాభం లేదనుకుని, గింజ ఏదైతేనేం, లెక్కే కదా కావాల్సింది అని సర్దుకున్నాను. నా ఫారంలో ఉన్నది ఒకటే గడి, 'మొత్తం ఎన్నిసార్లు' అని. ఆ గడిలో ఎనభై ఏడు అని వేశాను. మూడో నెల నూట పద్నాలుగు.

లెక్క పెరుగుతూ పోతోంది. ఇంతలో బడిలో గొడవైంది. పాప ఇంకో పిల్ల చేయి కొరికింది, రక్తం వచ్చింది. ఆ పిల్ల తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. అరవైమంది పిల్లల్ని ఇద్దరు టీచర్లతో లాక్కొస్తున్న మనిషి. పాపను వేరే జిల్లాలో ఉన్న వసతి గృహానికి పంపిస్తే అందరికీ మంచిదన్నాడు. తాత వెంటనే తలూపాడు. తండ్రికి ఫోన్ చేస్తే, "మా నాయన ఏం చెప్తే అది" అని పెట్టేశాడు.

నిజం చెప్పాలి. నేను కూడా అదే మంచిదేమో అనుకున్నాను. అట్లా దూరం పంపిన పిల్లలు తిరిగొచ్చినప్పుడు తల్లుల్ని గుర్తుపట్టకపోవడం నేను కళ్లారా చూశాను. అయినా అనుకున్నాను. నూట పద్నాలుగు అన్న అంకె నా నోరు నొక్కేసింది.

బడి వరండాలో మీటింగు పెట్టారు. మార్కాపురం నుంచి మా పై అధికారి వచ్చారు. ఆయనకు ఆ రోజు ఇంకో రెండు మండలాలు తిరగాల్సి ఉంది, కారు ఇంజను కూడా ఆపలేదు. బల్ల మీద పాపను పంపడానికి ఒప్పంద పత్రం ఉంది. తల్లి వేలిముద్ర వేయాలి, నేను సంతకం పెట్టాలి. దాని పైన గుండుసూదితో గుచ్చి ఉన్న కాగితం నాదే. అరవై ఒకటి, ఎనభై ఏడు, నూట పద్నాలుగు. నా చేతిరాత, నా అంకెలు. పాపను ఇంట్లోంచి పంపించేయడానికి వాళ్ల దగ్గరున్న ఏకైక సాక్ష్యం నేను.

పాప వరండా స్తంభానికి వీపు ఆనించి, మట్టిని గుప్పిళ్లతో తీసి వదులుతూ కూర్చుంది. తల్లి ఆ పక్కనే నిలబడింది. తాత కండువా కింద నుంచి పాలపొడి డబ్బా బయటికి తీశాడు. మూడో నెల గింజలు లెక్కపెట్టాక నేను మళ్లీ అందులోనే పోసి ఉంచాను.

"మేడమ్ చెప్పినట్టే ఏసినాం సార్. అబద్ధమైతే మీరే చూడండి" అని డబ్బా మొత్తం వరండా గచ్చు మీద కుమ్మరించాడు.

గింజలు నలుమూలలా దొర్లాయి. అధికారి కాళ్లు వెనక్కి తీసుకున్నారు. అప్పుడు ఆ తల్లి గచ్చు మీద గొంతుక్కూర్చుంది. గింజలు దగ్గరికి లాక్కుని ఏరడం మొదలుపెట్టింది. అది ఆమె రోజూ చేసే పనే కాబట్టి వేళ్లు చకచకా కదులుతున్నాయి. చింతగింజలు ఒక పక్క, వేపగింజలు ఒక పక్క.

"ఏందమ్మా అది, ఇప్పుడా గింజల పని?" అన్నాడు హెడ్మాస్టరు.

ఆమె తలెత్తలేదు. నాలుగు కుప్పలు పడ్డాయి. మూడు నెలలు ఆ గింజల్ని నా చేతులతో నేనే లెక్కపెట్టాను.

"ఏమిటమ్మా ఇవి?" అని అడిగాను. మొదటి నెలలో అడగాల్సిన మాట అది.

"చింతగింజలు నీళ్ల ట్యాంకర్ కాడివి మేడమ్. ట్యాంకర్ వచ్చి ఆగేది చింతచెట్టు కింద గదా. హారన్ కొడితే ఇది చెవులు మూసుకుంటాది. ఆ బిందెల తోపులాటలో ఎవరో ఒకరు దీని మీద పడతారు. అప్పుడు కరుస్తాది." ఆమె గొంతు చిన్నగా ఉంది గానీ వణకడం లేదు. "వేపగింజలు బడివి. ఈ వేపచెట్టుకు కట్టిన గంట కొట్టినప్పుడల్లా. బడిలో వంట చేసే ఆమె చెప్తే ఏసినా. ఆ పిల్లను కరిసింది గూడా గంట కాడనే. సీతాఫలం గింజలు ఆకలివి. నేను కొండ నుంచి పొద్దుపోయి వచ్చిన దినాలవి. అవి నా తప్పు."

నాలుగో కుప్ప అన్నిటికంటే పెద్దది. దాని మీద అరచెయ్యి పెట్టి ఆగిపోయింది.

"మరి అవి?" అన్నారు అధికారి.

"కానుగ గింజలు సార్."

"కనబడుతున్నాయమ్మా. ఎప్పటివి అని అడుగుతున్నా."

ఆమె మామ వైపు చూడలేదు. "మా మామ మంచం ఉండేది కానుగ చెట్టు కింద సార్" అన్నది. కుప్ప మీంచి చెయ్యి తీసి, "కట్టె ఎత్తినాక వచ్చినవి ఇవి. ముందు కట్టె, తర్వాతనే కరిసేది. ఇందులో ఒక్కటి గూడా కట్టె కంటే ముందుది లేదు" అన్నది.

బయట కారు ఇంజను మోత ఒక్కటే వినిపిస్తోంది. తాత ముఖం ఎర్రబడింది.

"నేను దాని మంచికే కొట్టినా. మా నాయన నన్ను కొట్టలేదా? నేను బాగుపడలేదా?"

"నువ్వు బాగుపడినావు మామా. అది పడలేదు. మూడు నెలల నుంచి లెక్కపెడ్తాండా గదా, పడలేదు." ఆమె లేచి నిలబడింది. "నేను వేలిముద్ర ఎయ్యను. దాన్ని పంపేటట్టయితే దాంతో నేనూ పోతా. గొర్రెపిల్లల్ని ఎవురు చూసుకుంటారో మీరే చూసుకోండి."

"అట్ల కాదమ్మా, మీ ఆయన ఫోన్లో ఒప్పుకున్నాడు గదా" అన్నాడు హెడ్మాస్టరు.

"ఆయన్ని వచ్చి దాన్ని వారం దినాలు పెట్టుకోమనండి సార్. పెట్టుకున్నాక ఒప్పుకోమనండి."

ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చిందని చెప్పుకుంటే బాగుంటుంది. వచ్చింది ధైర్యం కాదు, కోపం. ఎక్కువ నా మీదే. ఒప్పంద పత్రానికి గుచ్చి ఉన్న నా కాగితాన్ని గుండుసూది పీకి చేతిలోకి తీసుకున్నాను. బల్ల మీదున్న హెడ్మాస్టరు గారి స్కేలు తీసుకుని, ఆ ఒక్క గడి పక్కన మూడు నిలువు గీతలు గీశాను. కింద కూర్చుని ఒక్కో కుప్పా పైకి లెక్కపెట్టాను. ట్యాంకర్ ముప్పై ఒకటి. గంట ఇరవై రెండు. ఆకలి తొమ్మిది. కట్టె యాభై రెండు. మొత్తం అదే నూట పద్నాలుగు. ఒక్క గింజ కూడా తేడా లేదు.

"ఏంటి మేడమ్ ఇది? ఫారం మార్చే అధికారం మీకెవరిచ్చారు?" అన్నారు అధికారి.

"ఎవరూ ఇవ్వలేదు సార్."

"మరి సంతకం?"

"పెట్టను సార్. ఇందులో ఆ బిడ్డ తనంతట తాను చేసింది ఒక్కటి కూడా కనబడటం లేదు. ట్యాంకర్‌నూ గంటనూ ఆ హాస్టల్‌కు పంపిస్తానంటే చెప్పండి, సంతకం పెడతాను."

అది కొంచెం ఎక్కువైంది, ఒప్పుకుంటాను. ఆ మాటే మెమో దాకా తీసుకెళ్లింది. కానీ ఒప్పంద పత్రం ఆ రోజు ఖాళీగానే వెనక్కి పోయింది, మళ్లీ రాలేదు.

ఇంటికి నడిచి వెళ్తుంటే ఆ తల్లిని అడిగాను, ముందే నాకెందుకు చెప్పలేదని. పాప మాకు నాలుగడుగుల ముందు నడుస్తోంది.

"మామ మీద నోటితో చెప్తే ఆ ఇంట్లో నేనుండగలనా అక్కా? మీరు మాట్లాడేదే ఆయన మంచం కాడ. గింజలైతే ఎవురికీ తెల్దు. మీకు మాత్రం తెలుస్తాదనుకున్నా. ఇన్ని రకాలేందమ్మా అని మీరు అడుగుతారని నెలనెలా చూసినా. చదువుకున్నోళ్లు గదా."

ఆ చివరి మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. మేడమ్ అనడం మానేసి అక్కా అన్నది ఆ రోజే. ఆ పిలుపుకు నేను తగినదాన్నేనా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

తర్వాత జరిగినవన్నీ చిన్న పనులు. బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆమె, గంట కొట్టబోయే ముందు పాపను పిలిచి ఇనుప కమ్మీ చూపించేది. పాప రెండు చెవులూ మూసుకుని, రెప్ప వేయకుండా గంటనే చూస్తూ నిలబడేది. ట్యాంకర్ వచ్చే వేళకు తల్లి పాపను గొర్రెపిల్లలతో ఊరి అవతల గుట్ట చాటుకు తోలేది, పక్కింటామె వీళ్ల బిందెలు కూడా పట్టేది. ఉట్టి మీద పెట్టే జొన్నరొట్టెను పాప చేతికందేలా కిందికి దించింది. వీటిలో ఒక్కటి కూడా నా శిక్షణ పుస్తకంలో లేదు, నేను చెప్పింది కూడా కాదు. నేను చేసిందల్లా డబ్బా ఖాళీ చేసినప్పుడు నాలుగు కుప్పలు విడివిడిగా పెట్టి, నా గీతల మధ్య రాసుకోవడమే. ఆఫీసు వాళ్లు ఆ ఫారాన్ని రెండుసార్లు తిప్పి పంపారు. రెండుసార్లూ అదే పంపాను.

మిగిలింది కానుగ చెట్టు. తాత నాతో మాట మానేశాడు. కోడలితో కూడా. నేను మంచం పక్కన కూర్చుని, పొడిచే పొట్టేలును ఎట్లా మాలిమి చేసుకుంటారో చెప్పమని తెలివిగా అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు మాటను యాడికి తోల్తాండావో నాకు తెలుస్తాందిలేమ్మా. యాభై ఏళ్లు గొర్రెలు తోలినోడిని" అన్నాడు.

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. అటు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాతి నెల నేను వరండా లేని ఆ ఇంటి ముందు గింజలు ఏరుతుంటే, మంచం మీద నుంచి అటు వైపే చూస్తూ అడిగాడు.

"నావి ఎన్నుండాయ్?"

"పంతొమ్మిది మామా" అన్నది కోడలు.

ఆ పై నెల మళ్లీ అడిగాడు. ఆరు. కర్ర మంచం పక్కన కాకుండా చెట్టుకు ఆనించి ఉండటం చూశాను. పాప ఇంకా కొరికేది, ట్యాంకర్ మోత వినబడితే ఇంకా పరుగెత్తేది. ఆమె మారిపోయి చక్కగా కూర్చుని చదువుకుందని మీకు చెప్పను. ఇలాంటి కథల చివర అట్లా రాస్తుంటారు, ఆ రాతలు చూసే తల్లులు తమ బిడ్డలు మారలేదని ఇంకాస్త కుంగిపోతుంటారు.

మరుసటి నెల డబ్బా బోర్లిస్తే కుప్పలు మూడే పడ్డాయి. తల్లి ఒకటికి రెండుసార్లు చూసుకుంది.

"నావి ఎన్ని?" అన్నాడు తాత.

"లేవు మామా."

"సరిగ్గా చూడు."

"చూసినా. ఒక్కటి గూడా లేదు." గొంతులోని సంతోషాన్ని ఆమె దాచుకోలేకపోతోంది. నా కళ్లలో నీళ్లొచ్చాయి. ఇన్నాళ్లకు ఆ గడిలో సున్నా పెట్టే రోజొచ్చిందని పెన్ను తీశాను.

తాత మంచం దిగాడు. చెట్టు కింద ఎండిన కాయలు రాలి ఉన్నాయి. వంగి ఒకటి తీసుకుని, గోటితో చీల్చి, లోపలి గింజను మా దగ్గరికి తెచ్చి ఖాళీ డబ్బాలో వేశాడు. రేకు మీద టక్కుమని మోగింది.

"సోమారం నువ్వు కొండకు పోయినప్పుడు. నువ్వు చూడలే" అన్నాడు కోడలితో. తర్వాత నా వైపు తిరిగాడు. "నీ గడిలో రాసుకోమ్మా."

ఒకటి అని రాశాను.